ఎడమ సీటు కింది నంబరు

మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్లుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నిజామాబాద్‌లో మా ఇంటికి వస్తుంటారు. మా వీధిలోకి కారు రాదు. మూలమీద ఆపి నడిచి వస్తారు. టీ సగం తాగాక వాళ్లు అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న. "సార్, ఇప్పుడు వివరాలన్నీ ఫోన్లోనే కనబడుతున్నయి కదా. ఇంకా కారు లోపల దూరి ఛాసిస్ నంబరు చూడాల్నా?"

చూడాలి. ఫలానా నంబరు గల కారు ఎవరిదో ఫోను చెబుతుంది. నీ ఎదురుగా నిలబడ్డ కారు ఆ నంబరుదేనా అన్నది ఫోను చెప్పదు. ఆ రెండింటికీ మధ్య ఉన్న ఖాళీలోనే మన ఉద్యోగం ఉంది. కారు తయారైన రోజున దాని ఇనుములో గుద్దిన ఆ అంకెలూ అక్షరాలే కారుకు అసలు పేరు. ముందూ వెనకా బిగించే నంబరు ప్లేటు చొక్కా లాంటిది, ఎవరైనా మార్చుకోవచ్చు.

రోజూ పడుకునే ముందు ఆ రోజు చూసిన బండ్ల గురించి నాలుగు ముక్కలు రాసుకోవడం నాకు మొదటి నుంచీ అలవాటు. ఇది రాయడానికి ఆ డైరీలు ముందేసుకున్నాను. బదిలీలు, ప్రమోషన్లు, ఫైళ్లు వదిలేస్తున్నాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు వాటితో ఉపయోగం లేదు. నాకు పని నేర్పిన పెద్దమనిషి ఒకరు, పని మీద నా నమ్మకాన్ని నిలబెట్టిన కారు ఒకటి. ఆ రెండింటి గురించే చెబుతాను.

సాయన్న గారి పద్ధతి

నేను చేరినప్పుడు మా పెద్ద ఇన్‌స్పెక్టర్ సాయన్న గారు. నోరు గట్టిది, చొక్కా ఎప్పుడూ మసిగా ఉండేది. ఆయన టేబుల్ దగ్గర కూర్చున్నప్పటి కన్నా ఏదో ఒక బండి కింద పడుకుని ఉన్నప్పుడే నేను ఎక్కువగా చూశాను. చెరకు తోలే ట్రాక్టర్ల కింద కూడా అలాగే దూరేవారు. లేచేసరికి జుట్టు నిండా ఎండిన చెరకాకు ఉండేది.

ఆయన దగ్గర ఒకే ఒక నియమం. ముందు బండి, తర్వాత కాగితం. బండి మీది నంబరు చదివి, రాసుకుని, ఆ తర్వాతే ఆర్‌సీ పుస్తకం తెరవాలి. నాతోపాటు చేరిన ఒకాయన ఒకసారి ఆర్‌సీ చేతిలో పట్టుకుని బానెట్ లోకి తొంగిచూస్తూ "సరిపోయింది సార్" అన్నాడు. సాయన్న గారు ఆ పుస్తకం లాక్కుని వెనక దాచారు.

"ఇప్పుడు సదువు."

అతను చదవసాగాడు. చివరికొచ్చేసరికి తడబడ్డాడు. తుప్పు పట్టిన ఆ అంకె ఎనిమిదో, మూడో తేలలేదు.

"మరి ఇందాక ఎట్ల సదివినవయ్యా? కాయితం సదివినవా, బండి సదివినవా? కాయితంల ఎనిమిది ఉన్నదని నీ కండ్లు ఈడ గూడ ఎనిమిదే సూసినయ్. కండ్లకు సిగ్గుండదు, ఏది సెప్తే గది సూస్తయ్."

రెండో మాట కూడా ఆయనదే. కళ్లకన్నా ముందు వేళ్లు పెట్టాలి. నంబరున్న చోటును ముందు వేలి చివరతో తడమాలి. ఫ్యాక్టరీలో గుద్దిన అంకెల అంచులు ఒకే లోతులో ఉంటాయి. తర్వాత ఎవరైనా సుత్తితో కొట్టిన అంకె ఒకటి లోతుగా, ఒకటి పైపైన ఉంటుంది. అతుకు వేసిన చోట గట్టు తగులుతుంది. రంగు కంటిని మోసం చేస్తుంది గానీ వేలిని చేయలేదు.

నంబరు ఎక్కడ ఉంటుంది

కొత్తవాళ్లు నంబరు కోసం కారంతా వెతికి, చెమటలు పట్టి, చివరికి ఓనరునే అడుగుతారు. ఓనరుకు తెలియదు. పదేళ్లు నడిపినవాళ్లకు కూడా తెలియదు. కాబట్టి ఇది గుర్తుంచుకోండి.

జీపుల వంటి బండ్లకు కుడివైపు ముందు చక్రం దగ్గర, అడుగున పొడుగ్గా పోయే ఇనుప పట్టీ మీద చూడండి. అక్కడ బురద గట్టిపడి ఉంటుంది, తడిగుడ్డతో తీయాలి. చాలా చిన్న కార్లకు బానెట్ ఎత్తితే ఇంజను వెనక అడ్డంగా ఉండే రేకు మీద ఉంటుంది. కొన్నింటికి ముందు చక్రం స్ప్రింగును పట్టి ఉంచే గుబ్బ మీద ఉంటుంది. ఇంకొన్నింటికి ముందు సీటు కింద, కార్పెట్‌కు కోసి ఉంచిన చిన్న మూత ఎత్తితే నేల రేకు మీద కనబడుతుంది. ముందు అద్దం మూలన, తలుపు పక్క స్తంభం మీద కూడా అదే నంబరు చిన్న పట్టీ మీదో, స్టిక్కరు మీదో ఉండవచ్చు. వాటిని సాక్షులుగానే చూడండి. అద్దం పగిలితే మారుస్తారు, స్టిక్కరు ఊడుతుంది. ఇనుములో గుద్దిందే అసలు.

ఇప్పటి నంబరులో పదిహేడు అక్షరాలూ అంకెలూ ఉంటాయి. అందులో ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. ఒకటితోనో సున్నాతోనో కలిసిపోతాయని. మాక్లూర్ వైపు నుంచి ఒక రైతు తాను కొన్న సెకండ్ హ్యాండ్ కారు తెచ్చాడు. కాగితాలు తళతళలాడుతున్నాయి, నంబరు కాగితంతో సరిపోయింది. కానీ ఆ నంబరు మధ్యలో తోకతో సహా ఒక క్యూ కూర్చుని ఉంది. దొంగ నంబరు తయారుచేసినవాడు పాపం అక్షరాలన్నీ వాడుకోవచ్చనుకున్నాడు. అలాంటి రోజు ఇంటికి వెళ్తుంటే ఛాతీ కాస్త పొంగేది. దాచుకోవలసిన పనేముంది.

నంబరు చెడిపోవడానికి మనవాళ్లు కూడా కొంత కారణం. బీమాకో, పేరు మార్పుకో పెన్సిల్ ప్రింట్ కావాలంటారు. అంకెల మీద పెన్సిల్ రుద్ది, టేపు అంటించి లాగి, దాన్ని కాగితం మీద అతికిస్తారు. ఏజెంట్లు తొందర కొద్దీ ముందుగా గరుకు కాగితంతో బరబరా గీకుతారు. పైనున్న రంగు పోతుంది. వానాకాలం తడిసిన కాళ్లు, సీటు కింద ఆరని నీళ్లు. రెండేళ్లలో తుప్పు. నేను చెప్పబోయే కారుకు జరిగింది మొదట అదే.

పట్టుబడిన కారు

నా సర్వీసు చివరి రోజుల్లో బోధన్ వైపు ఒక ఠాణా నుంచి పిలుపు వచ్చింది. దొంగ కార్లు మహారాష్ట్ర సరిహద్దు దాటుతున్నాయని రోడ్డు మీద తనిఖీలు జరుగుతున్న రోజులవి. ఒక పాత తెల్ల కారును ఆపి, ఎడమవైపు ముందు సీటు కింది మూత ఎత్తితే, నంబరు ఉండవలసిన చోట నున్నగా, వెండిలా మెరుస్తున్న ఒక పట్టీ తప్ప ఏమీ లేదట. నడుపుతున్నవాడిని, కారును ఠాణాకు తెచ్చారు. నేను చూసి రాసిచ్చే రిపోర్టు మీద కేసు కట్టాలో వద్దో తేలుతుంది.

నేను వెళ్లేసరికి ఠాణా ఆవరణలో పెద్ద గొంతు ఒకటి వినబడుతోంది. పెళ్లిళ్లకు వంట చేసే గంగారాంది అది, సంగతి తెలిసి ఆటోలో వచ్చాడు. అతని ఇత్తడి డేక్సాలు, వంద మందికి బిర్యానీ దిగే పెద్ద గిన్నెలు, ఆ కారు డిక్కీలోనూ వెనక సీటులోనూ ఉన్నాయి.

"సార్, గవి నా డేక్సాలు! కళాయి పెట్టియ్యమని ఇచ్చిన. ఎల్లుండి పెండ్లి ఉన్నది నాకు. వీడు దొంగబండిల తిప్పుతున్నడని నాకేం ఎరుక? ఏమయ్యా యూసుఫూ, మీ తాతకాన్నుంచి మీ ఇంట్ల గిన్నెలిడుస్తున్నం కదరా! రేపటికెళ్లి ఎవడిస్తడు నీకు?"

కారుతోపాటు పట్టుబడి, గోడ పక్కన బెంచీ మీద కూర్చున్న యూసుఫ్ తల ఎత్తలేదు. యాభై దాటిన మనిషి. గోళ్ల చుట్టూ నల్లగా పట్టిన మసి చూస్తే చేసే పని తెలుస్తుంది. బోధన్ బజారులో కళాయి పని, ఇత్తడి గిన్నెల లోపల తగరం పూత వేయడం. ఇప్పుడు ఇళ్లలో అంతా స్టీలే కాబట్టి దుకాణంలో పని తగ్గి, పెళ్లి వంటవాళ్ల డేక్సాలు ఈ కారులో తెచ్చుకుని కళాయి పెట్టి తిరిగి చేరుస్తాడు. కళాయి పనివాడి దగ్గర జనం తమ ఇత్తడి, రాగి వదిలి వెళ్తారు. రసీదు ఉండదు. దొంగ అన్న మాట ఒక్కసారి బజారులో పడితే కేసు నిలవకపోయినా అతని దుకాణం నిలవదు. గంగారాం అరుపులో అసలు సంగతి అది. అక్కడున్న అందరికీ అది అర్థమైంది, యూసుఫ్‌కు అందరికన్నా ఎక్కువగా.

ఎస్సై కుర్రవాడే, మర్యాదస్తుడు. "ఇంజన్ నంబర్ అయితే కాయితంతోని కలిసింది సార్. కానీ ఇంజన్ మార్చొచ్చు కదా. ముందు అద్దం కొత్తది, దాని మీద ఏం లేదు. సీటు కింద నంబర్ ఏమైందంటే నాకు తెల్వదంటడు. గదొక్కటే మాట, పొద్దటి నుంచి."

పక్కన ఒక మెకానిక్ గ్రైండర్ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. "పైన పూత గీకేస్తే కింద ఏమున్నదో రెండు నిమిషాలల్ల తెలుస్తది సార్" అన్నాడు.

"ఆగు బాబూ. నువ్వు గీకితే పూతతోపాటు కిందున్నది కూడ పోతది. పోయినంక నువ్వు తెస్తవా, నేను తెస్తనా?" అన్నాను. గ్రైండర్ వైరు పీకించి పక్కన పెట్టించాను.

మెరుగు పెట్టిన చోటు

బ్యాటరీ తీగలు విప్పించి, సీటు తీయించి, మోకాళ్ల మీద కూర్చున్నాను. ముందు వేలు పెట్టాను.

దొంగ పని నాకు తెలుసు. నంబరు గీకేసి, డెంటింగ్ వాళ్లు వాడే లప్పమో, సీసమో నింపి, దాని మీద కారు రంగు కొట్టి, పైన మట్టి పూసి వదులుతారు. చూసేవాడి కన్ను అక్కడ ఆగకూడదు, అదే వాళ్ల ప్రయత్నం. ఇక్కడ రంగు లేదు, మట్టి లేదు. వేలికి గట్టు తగల్లేదు. చుట్టూ ఇనుము కొంచెం గరుకుగా ఉన్నా ఈ పట్టీ మాత్రం పళ్లెంలా జారుతోంది. టార్చి పక్కనుంచి వేస్తే మెరుపులో సన్నటి గుండ్రని గీతలు కనబడ్డాయి, దూదితో చుట్టూ తిప్పి తుడిచినట్టు.

నాకు అక్కడ ఒక ఆలోచన వచ్చింది. దొంగ దాచిపెడతాడు. ఈ పని చేసినవాడు మెరుగు పెట్టాడు. దాచుకోవలసిన దాన్ని ఎవరూ అంత ముచ్చటగా మెరిపించరు.

నేను లేచాను. వెళ్లి డిక్కీలోంచి కళాయి అయిపోయిన ఒక డేక్సా తీయించి యూసుఫ్ ముందు పెట్టించాను. లోపల అద్దంలా ఉంది. చెయ్యి పెట్టి తడిమాను. అదే జారుడు, అవే గుండ్రని గీతలు.

"ఇది నీ చెయ్యేనా యూసుఫ్ భాయ్?"

మొదటిసారి తల ఎత్తాడు. "నాదే సాబ్. మా దాదా కాడ నేర్చుకున్న. గిట్ల చెయ్యి పెడితే మొఖం కనపడాలె. లేకుంటే అంత తీసేసి మల్ల ఏపిస్తుండె."

"మంచి పని. మరి కారు లోపల వేసింది?"

మళ్లీ తల వంచుకున్నాడు. గంగారాం కూడా అరవడం ఆపి దగ్గరికి వచ్చాడు. నేను డేక్సా మీదే చెయ్యి పెట్టుకుని ఊరుకున్నాను. ఇలాంటప్పుడు రెండో ప్రశ్న వేయకూడదు. మొదటి ప్రశ్న పని చేస్తూ ఉంటుంది.

"మా బామ్మర్ది చెప్పిండు సాబ్" అన్నాడు చివరికి. "నంబర్ మీద చెయ్యేసినోడు సీదా జైలుకే, ఎవలడిగినా తెల్వదను అన్నడు. నేను ఖరాబ్ చెయ్యలే సాబ్. మ్యాట్ కింద నీళ్లు నిలిచి తుప్పు తింటుండె. అక్షరాలు పోతే బండి పోయినట్టే కదా అని బుగులైంది. తుప్పు పట్టే ఇనుముకు ఏం చేస్తరు సాబ్? నాకెరుకున్నది ఒక్కటే. సాఫ్ చేసి, నౌసాదర్ పొడి చల్లి, కళాయి పెట్టిన. ఇంక తుప్పు రాదు అనుకున్న. అక్షరాలు మునిగినయని తర్వాత చూస్కున్న."

ఎస్సై నా వైపు చూశాడు. "కళాయా? కారుకా?"

గంగారాం నెత్తి కొట్టుకున్నాడు. "ఓరి నీ పాసుగాల! బండికి కూడ కళాయి పెడ్తరా ఎవలన్న?"

నాకు నవ్వు రాలేదు. ఎన్నో ఏళ్లుగా ఛాసిస్ నంబరును గీకినవాళ్లను, మార్చినవాళ్లను, పట్టించుకోనివాళ్లను చూశాను. దాన్ని కాపాడాలని తనకు వచ్చిన విద్యంతా పెట్టిన మనిషిని అదే మొదటిసారి చూడటం.

కరిగించడం

కానీ చెప్పింది నమ్మడం నా పని కాదు, చూడటం నా పని. కథ బాగుంది. కింద నంబరు లేకపోతే అది ఉత్త కథే. ఉన్నా, కాగితంలో ఉన్న నంబరు కాకపోతే యూసుఫ్ పని ఇంకా ఘోరం.

కళాయి అంటే తగరం. తక్కువ వేడికే కరుగుతుంది, ఇనుము ఆ వేడికి చెక్కుచెదరదు. గీకకుండా కరిగించి తుడిస్తే కిందున్నది కిందే ఉంటుంది. సీటు కింద నేలకు అవతలి వైపు పెట్రోలు పైపులు పోతాయి కాబట్టి మంట పెట్టకూడదు.

"మంట పెట్టలే సాబ్" అన్నాడు యూసుఫ్ నా మనసు చదివినట్టు. "అతుకులేసే రాగి మొన కడ్డీ బొగ్గుల మీద కాల్చి రాసిన."

ఆ కడ్డీ అతని సంచిలోనే ఉంది. అతన్ని కారు ముట్టుకోనివ్వడానికి ఎస్సై ఒప్పుకోలేదు. అది సరైన మాటే. కాబట్టి నేనే పట్టుకున్నాను. ఠాణా బయట బొగ్గులు రాజేయించి, కడ్డీ కాల్పించి, ఇద్దరు సాక్షులను నిలబెట్టి, కానిస్టేబులు వీడియో తీస్తుండగా మొదలుపెట్టాను. పైపుల దగ్గర ఏమీ కారడం లేదని ముందే చూసుకున్నాను. తడిగుడ్డలు పరిపించాను. యూసుఫ్ దూరంగా నిలబడి చెప్పసాగాడు.

"ఒత్తొద్దు సాబ్, ఊరికె ఆనియ్యాలె... ఆఁ, కదులుతున్నది చూడుండ్రి... ఇప్పుడు దూది! జల్ది, జల్ది!"

తగరం పాదరసంలా వణికి, దూదికి అంటుకుని వచ్చింది. దాని కింద నల్లగా ఒక గీత తేలింది. ఆ గీత ఒక అక్షరం పక్క అయింది. గంగారాం నా భుజం మీదికి వంగి, "వస్తున్నది, వస్తున్నది!" అని గుసగుసలాడాడు, బావిలోంచి బకెట్టు పైకొస్తున్నట్టు.

కడ్డీ చల్లబడితే మళ్లీ కాల్పించాను. తొందరపడలేదు. మొత్తం పట్టీ తుడిచేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది.

ఎస్సై ఆర్‌సీ తెరవబోయాడు. "మూసెయ్యండి సార్. నేను చదివేదాకా నాకు వినబడొద్దు, కనబడొద్దు" అన్నాను. ఒక్కొక్కటిగా వేలు పెట్టి పైకి చదివాను. కానిస్టేబులు రాసుకున్నాడు. గుద్దిన లోతు అన్నింటికీ ఒకటే. చివరి అంకె దగ్గర ఆగాను. ఎడమ పక్క తగరం ఇంకా నిండి ఉంది. అది మూడు కావచ్చు, ఎనిమిది కావచ్చు.

"సార్, పుస్తకంల చూస్తే తెల్సిపోతది కదా" అన్నాడు ఎస్సై.

"అందుకే చూడొద్దు."

సాయన్న గారు పోయి అప్పటికి చాలా కాలమైంది. ఆయన నా వెనక నిలబడి, పుస్తకం వీపు వెనక దాచుకుని ఉన్నట్టే అనిపించింది. కడ్డీని మరోసారి కాల్పించి అంచునే ఆనించాను. అగ్గిపుల్ల కొనకు దూది చుట్టి ఆ గాడిలో తిప్పాను. చిన్న తగరపు పూస జారి బయటికి వచ్చింది. ఎడమ పక్క రెండు వంపులూ మూసుకుని ఉన్నాయి. వేలితో తడిమాను, తర్వాత పెన్సిల్ రుద్ది టేపు మీద ఎత్తాను.

"ఎనిమిది" అన్నాను. "ఇప్పుడు తెరవండి."

ఎస్సై ఆర్‌సీలోది చదువుతుంటే కానిస్టేబులు తాను రాసుకున్న దాని మీద వేలు జరుపుతూ పోయాడు. యూసుఫ్ పెదవులు కదులుతున్నాయి. ఇద్దరూ చివరి అంకె దగ్గరికి వచ్చారు.

"ఎనిమిది" అన్నాడు ఎస్సై. పుస్తకం మూసి యూసుఫ్ చేతికి తానే ఇచ్చాడు.

యూసుఫ్ దాన్ని రెండు చేతులతో అందుకుని కళ్లకు అద్దుకున్నాడు. రిపోర్టు అక్కడే రాశాను. నంబరు అసలైనది, మార్పు లేదు, తుప్పు పట్టకుండా యజమాని తగరం పూత వేశాడు, పూత తీశాము. ఇకమీద పలచగా గ్రీజు రాసి పైన ప్లాస్టిక్ ముక్క కప్పుకోమని అతనికి చెప్పాను. మీకూ అదే చెబుతున్నాను, మీ దగ్గరికి వచ్చే ప్రతి ఓనరుకూ చెప్పండి. ఇన్నేళ్ల సర్వీసులో నేను రాసినవాటిలో నాకు బాగా నచ్చిన రిపోర్టు అదే. పట్టుకోవడం మన పనిలో సగమే. దొంగ కానివాడిని కాదని నిలబడి చెప్పడం మిగతా సగం.

సీటు బిగించారు. డిక్కీలోంచి దించిన డేక్సా ఇంకా బెంచీ ముందే ఉంది. గంగారాం దాని వైపు నడిచాడు. యూసుఫ్ అతన్నే చూస్తున్నాడు. తీసుకుని తాను వచ్చిన ఆటోలో వేసుకుంటాడా అని నేనూ చూస్తున్నాను.

గంగారాం డేక్సా రెండు చెవులూ పట్టి లేపి, రొప్పుతూ మోసుకొచ్చి, కారు డిక్కీలోనే పెట్టాడు. పెట్టి యూసుఫ్ వైపు తిరిగాడు.

"ఏమయ్యా యూసుఫ్ భాయ్, నీ బండికేమో పొద్దంతా కరిగించినా పోనంత మందం ఏసుకున్నవ్. నా డేక్సాలకు మాత్రం మూడు పెండ్లిళ్లకే పోయేటట్టు పల్చగ ఏస్తవా?"

ఠాణా అంతా నవ్వింది, ఎస్సైతో సహా. యూసుఫ్ నవ్వలేదు. డిక్కీ మూసి, రెండుసార్లు తట్టి చూసుకున్నాడు.

"రేపు పొద్దుగాల దుకాణంకు రా. బజార్ల అందరి ముందట కూసుండు. మిగిలినయి నీ కండ్ల ముందటనే ఏస్త."

"వస్త తియ్" అన్నాడు గంగారాం.

కారు గేటు దాటింది. లోపల డేక్సాలు ఒకదానికొకటి తగిలి మోగుతున్న చప్పుడు మలుపు తిరిగేదాకా వినబడింది.